రాబట్టుకోవడం: ఒక మాట అర్థం, వాడుక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి తెలుగులో అరడజను మాటలున్నాయి. వసూలు, భర్తీ, పూడ్చుకోవడం, కోలుకోవడం, తేరుకోవడం, దక్కించుకోవడం. వాటన్నిటికన్నా ఎక్కువ తడబాటు 'రాబట్టుకోవడం' దగ్గరే కనిపిస్తుంది. పత్రిక డెస్కులో పనిచేసినన్నాళ్లూ కొత్తగా చేరినవాళ్లు అడిగినవి, అనువాదాలు చేసే మిత్రులు ఫోను చేసి అడిగినవి, నన్ను నేనే అడుక్కున్నవి కొన్ని ఇక్కడ ఒకచోట చేర్చాను.

రాబట్టుకోవడం అంటే సరిగ్గా ఏమిటి?

తనకు రావలసినదాన్ని గానీ, తన చేతిలోంచి పోయినదాన్ని గానీ, పూనుకుని మళ్లీ తన దగ్గరికి వచ్చేలా చేసుకోవడం. అప్పిచ్చినవాడు బాకీ రాబట్టుకుంటాడు. హోటలు పెట్టినవాడు రెండేళ్లలో పెట్టుబడి రాబట్టుకుంటాడు. పూనుకోవడం లేకపోతే ఈ మాట అతకదు. బాకీదారు తనంతట తానే వచ్చి డబ్బు చేతిలో పెడితే 'బాకీ వచ్చింది' అంటాం. కాళ్లరిగేలా తిరిగి, పెద్దమనుషుల్లో పెట్టి తెచ్చుకుంటే 'రాబట్టుకున్నాం' అంటాం.

వరదలో పోయిన పంటను రాబట్టుకోవచ్చా?

ఈ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వరద తగ్గిన ఊళ్ల గురించి వచ్చిన వార్తకు 'మునిగిన పంటను రాబట్టుకునే పనిలో రైతులు' అని శీర్షిక పెట్టాను. మా సీనియర్ ఒకాయన కళ్లజోడు పైకి నెట్టి, "ఎవరి దగ్గర నుంచయ్యా? కృష్ణమ్మ దగ్గర నుంచా?" అన్నారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. నాలుగు గంటల సేపు నాకు వేరే ధ్యాస లేదు.

ఆయన అడిగినదే అసలు పరీక్ష. 'ఎవరి దగ్గర నుంచి?' అన్న ప్రశ్నకు జవాబుంటే రాబట్టుకోవచ్చు. లేకపోతే వేరే మాట వెతుక్కోవాలి. నీళ్లపాలైన పంట ఎవరి దగ్గరా లేదు. దాన్ని రైతు రాబట్టుకోలేడు. నష్టాన్ని మరో పంటతో పూడ్చుకోగలడు, ప్రభుత్వం నుంచి పరిహారం పొందగలడు, రెండు మూడేళ్లకు కోలుకోగలడు. ఈ మూడూ వేర్వేరు పనులు, అందుకే వేర్వేరు మాటలు.

ఈ మాట ఎలా పుట్టింది?

'వచ్చు' ధాతువుకు 'రాన్' అనే రూపం ఉంది. దానికి 'పట్టు' చేరింది. చివర ద్రుతం, అంటే నకారం, ఉంది కాబట్టి తర్వాతి పకారం బకారమైంది. బడిలో చదువుకున్న సరళాదేశ సంధే ఇది. పాత పుస్తకాల్లో 'రాఁబట్టు' అని అరసున్నతో కనిపించేది ఇందుకే. వచ్చేలా పట్టడం అన్నమాట. పట్టు విడవకపోవడం అనే భావం మాట పుట్టుకలోనే ఉంది.

'రాబడి' కూడా ఈ ఇంటిదే. అయితే అందులో ఉన్నది 'పడు', ఇందులో ఉన్నది 'పట్టు'. రాబడి తనంతట తాను వచ్చి పడేది, రాబట్టింది మనం పట్టి తెచ్చుకునేది. ఉద్యోగస్తుడి జీతం రాబడి. ఆరు నెలలు ఆగిపోయిన జీతాన్ని కోర్టుకెక్కి తెచ్చుకుంటే అది రాబట్టుకున్నది.

'రాబట్టి' అంటే 'వచ్చినందువల్ల' అని కూడా అంటారు కదా?

అంటారు. 'నువ్వు రాబట్టి పని అయింది' అన్నప్పుడు 'రాబట్టి'కి కారణార్థం. 'కాబట్టి' ఎలా ఏర్పడిందో ఇదీ అలాగే ఏర్పడింది. తెలంగాణ వాడుకలో 'వాన రాబట్టె' అంటే వాన రావడం మొదలుపెట్టిందని. మూడూ ఒకే మూసలోంచి వచ్చినట్టు కనిపించినా వాక్యంలో గందరగోళం రాదు. 'మామయ్య రాబట్టి అప్పు తీరింది', 'మామయ్య అప్పు రాబట్టి ఇచ్చాడు' అనే రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదాంట్లో రాబట్టడానికి ఒక కర్మ ఉంది.

రాబట్టడం, రాబట్టుకోవడం ఒకటేనా?

కాదు. 'కొను' చేరితే ఫలం కర్తకే చెందుతుంది. వకీలు కక్షిదారు డబ్బు రాబడతాడు. కక్షిదారు తన డబ్బు రాబట్టుకుంటాడు. బ్యాంకు ఏజెంటు బాకీ రాబడితే బ్యాంకు రాబట్టుకున్నట్టు.

ఇంకో తేడా. 'రాబట్టు'లో నష్టం ఉండి తీరాలని లేదు. పోలీసులు నిందితుడి నుంచి నిజం రాబడతారు, విలేకరి అధికారి నుంచి సమాచారం రాబడతాడు, మేస్త్రీ కూలీల చేత పని రాబడతాడు. ఇక్కడ ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. ఎదుటివాడు బయటపెట్టడానికి ఇష్టపడని దాన్ని బయటికి రప్పించడమే. పోయినదాన్ని తెచ్చుకోవడం అనే అర్థం ఎక్కువగా 'కొను' చేరాకే స్థిరపడుతుంది.

'తిరిగి రాబట్టుకోవడం' అంటే చెప్పిందే మళ్లీ చెప్పినట్టా?

కొన్నిసార్లు అంతే. 'అప్పు తిరిగి రాబట్టుకున్నాడు'లో 'తిరిగి' తీసేసినా అర్థం చెడదు. 'పెట్టుబడి'తోనూ అంతే. కానీ 'ఆక్రమణకు గురైన భూమిని తిరిగి రాబట్టుకున్నారు' అన్నప్పుడు ఆ భూమి మొదట తమదేనన్న సంగతిని 'తిరిగి' నొక్కి చెబుతుంది. నేనైతే అక్కడ ఉంచుతాను, అప్పుల దగ్గర కొట్టేస్తాను.

వసూలుకూ దీనికీ తేడా ఏమిటి?

ముందు ఒక విచిత్రం. వసూలు అరబ్బీ మాట, పారశీకం మీదుగా దస్తరాల్లోకి, అక్కడి నుంచి మన నోళ్లలోకి వచ్చింది. అరబ్బీలో దాని అసలు అర్థం 'వచ్చి చేరడం'. ఎక్కడో ఎడారి దేశపు మాట, మన 'రాన్ పట్టు' మాట, రెండూ డబ్బును దారిన నడిచి వచ్చే మనిషిలాగే చూశాయి.

వాడుకలో మాత్రం దారులు వేరు. వసూలుకు ఒక లెక్క, ఒక వాయిదా, చాలాసార్లు ఒక రశీదు ఉంటాయి. పన్ను వసూలు, చందా వసూలు, ఫీజు వసూలు. ఇచ్చేవాడు మొరాయించకపోయినా వసూలే. రాబట్టడంలో మొరాయింపు వినిపిస్తుంది. 'వినాయక చవితి చందాలు రాబట్టారు' అని రాస్తే, ఊరంతా పిసినారులే అనో, కుర్రాళ్లు జబర్దస్తీ చేశారనో పాఠకుడు అనుకుంటాడు.

నష్టాన్ని పూడ్చుకోవడం, భర్తీ చేసుకోవడం అంటే?

ఇవి గుంత చుట్టూ అల్లుకున్న మాటలు. 'పూడు' అంటే నిండిపోవడం. బావి పూడిపోతుంది, చెరువులో పూడిక చేరుతుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక 'పూడికతీత' రోజూ పేపర్లో కనిపించే మాటయింది. నష్టం ఒక గుంత అనుకుంటే, దాన్ని ఏ మట్టితోనైనా నింపవచ్చు. పోయిన మట్టే తెచ్చి వేయాలని లేదు. మిర్చిలో పోయింది పత్తిలో పూడ్చుకోవచ్చు, ఒక సినిమాలో పోయింది ఇంకో సినిమాతో పూడ్చుకోవచ్చు. రాబట్టుకోవడంలో అలా కుదరదు. పోయినచోటి నుంచే రావాలి.

భర్తీ కూడా నింపడమే, కాకపోతే ఉత్తరాది నుంచి వచ్చిన మాట. ఖాళీల భర్తీ, లోటు భర్తీ.

ఒక హెచ్చరిక: 'పూడ్చుకోవడం' వేరు, 'పూడ్చిపెట్టడం' వేరు. నష్టాన్ని పూడ్చుకున్న కంపెనీ మెచ్చుకోదగ్గది. పూడ్చిపెట్టిన కంపెనీకి ఆడిటరు కావాలి.

నష్టపరిహారం పొందడం కూడా రాబట్టుకోవడమేనా?

ఇది తేలిగ్గా తేలదు, కొంచెం ఓపిగ్గా చూడాలి. 'పరిహారం' అంటే తొలగించడం. దోషపరిహారంలో ఉన్నదీ అదే. పోయిన కాలు రాదు, పోయిన మనిషి రాడు. ఆ కష్టాన్ని డబ్బుతో కొంతైనా తొలగించే ప్రయత్నం పరిహారం. కాబట్టి బాధితుడు పరిహారం 'పొందుతాడు'. పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగినా 'పరిహారం రాబట్టుకున్నాడు' అంటే చెవికి కాస్త కటువుగా ఉంటుంది. అతని ప్రాణానికి అదేదో బాకీలాగా.

రెండు మాటలూ ఒకే కేసులో పక్కపక్కనే నిలబడే సందర్భం మోటారు ప్రమాదాల్లో ఉంది. లైసెన్సు లేని డ్రైవరు లారీతో ఒకరిని గుద్దాడనుకుందాం. పాలసీ షరతు తప్పింది కాబట్టి మాకు సంబంధం లేదని బీమా సంస్థ అంటుంది. బాధితుడి కుటుంబం ఏమైపోవాలి? ఇలాంటి చోట కోర్టులు 'ముందు చెల్లించండి, తర్వాత రాబట్టుకోండి' అనే పద్ధతి పాటిస్తున్నాయి. సుప్రీంకోర్టు 2004లో నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ, స్వరణ్ సింగ్ కేసులో దీన్ని వివరంగా చర్చించింది. బీమా సంస్థ కుటుంబానికి డబ్బు కడుతుంది, ఆ తర్వాత ఆ సొమ్మును లారీ యజమాని నుంచి రాబట్టుకుంటుంది. కుటుంబానిది పరిహారం, సంస్థది రాబట్టు. సీనియర్ గారి ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. 'ఎవరి దగ్గర నుంచి?' లారీ యజమాని దగ్గర నుంచి. జవాబు ఉంది.

కాలదోషం పట్టిన ప్రామిసరీ నోటు మీద అప్పు రాబట్టుకోవచ్చా?

మాట గురించి అడిగినట్టు కనిపించినా ఇది డబ్బు గురించిన ప్రశ్నే. ఎక్కువమంది అడిగేదీ ఇదే.

అడిగిన వెంటనే చెల్లించేలా రాసుకున్న ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి 3 ఏళ్ల గడువు. 1963 నాటి కాలపరిమితి చట్టం పెట్టిన గడువు ఇది. ఆ లోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనక తన చేత్తో రాసిగానీ సంతకం పెట్టిగానీ ఇస్తే, ఆ చెల్లింపు నాటి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. మన ఊళ్లలో దీన్ని 'చెల్లు వేయడం' అంటారు. అప్పున్నట్టు ఒప్పుకుంటూ గడువు లోపలే రాసి సంతకం పెట్టినా అంతే.

గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టు. ఇక్కడ మన భాష, చట్టం ముచ్చటగా కలుస్తాయి. గడువు దాటినా చట్టం దృష్టిలో అప్పు పూర్తిగా చచ్చిపోదు, దావా వేసే దారి మాత్రం మూసుకుపోతుంది. బాకీదారు మనసు మారి కడితే తీసుకోవచ్చు. ఆ పాత అప్పు కడతానని కొత్తగా రాసి సంతకం పెడితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని చెల్లుబాటయ్యే ఒప్పందంగానే చూస్తుంది. అంటే కాలదోషం పట్టిన అప్పు రావచ్చు. కోర్టు ద్వారా రాబట్టుకోలేం. 'రావడం'కూ 'రాబట్టుకోవడం'కూ మధ్య తేడాను ఇంతకన్నా స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

రైతు 'పెట్టుబడి రాలేదు' అంటాడు, కంపెనీ 'పెట్టుబడి రాబట్టుకుంది' అంటారు. ఎందుకు?

మంచి ప్రశ్న. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతును పలకరించండి. "ఈ ఏడు పెట్టుబడి కూడా రాలేదండి" అంటాడు. 'నేను పెట్టుబడి రాబట్టుకోలేకపోయాను' అనడు. ధర పెట్టేది అతను కాదు. పంట తెచ్చి, శాంపిలు చూపించి, కొనేవాడు చెప్పిన రేటు వింటాడు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు. పట్టడానికి అతని చేతిలో ఏమీ లేదు కాబట్టి 'పట్టు' లేని క్రియే నోటికి వస్తుంది. తన సరుకు ధర తానే వేసుకునే కంపెనీ మాత్రం పెట్టుబడి దర్జాగా రాబట్టుకుంటుంది.

'గిట్టుబాటు' కూడా ఇక్కడిదే. ఖర్చు పోను ఏమైనా మిగలడాన్ని గిట్టడం అంటాం. అదే ధాతువు చావుకూ వాడతాం, 'పుట్టినవాడు గిట్టక మానడు' అని. గిట్టుబాటు ధర గురించి రాసే ప్రతిసారీ ఆ రెండో అర్థం మనసులో మెదలకుండా ఉండదు.

కరెంటు బిల్లుల వార్తల్లో ఈ మాట ఎందుకు కనిపిస్తుంది?

పంపిణీ సంస్థలు కరెంటు కొన్న అసలు ఖర్చు, ముందు వేసుకున్న అంచనా కన్నా ఎక్కువైతే ఆ తేడాను నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం వినియోగదారుల బిల్లుల్లో కలుపుతాయి. ట్రూఅప్, ఇంధన సర్దుబాటు అనేవి ఆ వరసలోవే. 'ఈ మొత్తాన్ని వినియోగదారుల నుంచి రాబట్టుకోనున్నాయి' అని పేపర్లు రాస్తాయి. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, ఎవరి దగ్గర నుంచో కూడా ఉంది. బిల్లు కట్టే నాకు మాత్రం ఆ వాక్యం చదివినప్పుడల్లా, నేను తీసుకోని అప్పుకు ఎవరో మా గుమ్మంలో నిలబడినట్టుంటుంది. 'సర్దుబాటు' అన్న మెత్తని మాట కన్నా 'రాబట్టు' అన్న కరుకు మాటే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం.

సినిమా 'తొలిరోజు ఇన్ని కోట్లు రాబట్టింది' అంటే లాభం వచ్చినట్టేనా?

కాదు. అక్కడ 'రాబట్టింది' అంటే ప్రేక్షకుడి జేబులోంచి తెచ్చింది అని మాత్రమే. ఆ అంకె గ్రాసా, షేరా అన్నది ముందు చూడాలి. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, పన్నుతో సహా. పన్ను, థియేటరు వాటా లేదా అద్దె పోగా పంపిణీదారుకు మిగిలేది షేరు. హక్కులు కొన్న బయ్యరు పెట్టినంతా షేరు రూపంలో వెనక్కి వస్తేనే బ్రేక్ ఈవెన్. అప్పుడు 'బయ్యరు పెట్టుబడి రాబట్టుకున్నాడు' అనాలి. సినిమా రాబట్టడానికీ బయ్యరు రాబట్టుకోవడానికీ మధ్య ఒక్కోసారి ఆస్తులు అమ్ముకునేంత దూరం ఉంటుంది.

స్టాక్ మార్కెట్ సూచీలు నష్టాలను రాబట్టుకున్నాయా, పూడ్చుకున్నాయా?

పూడ్చుకున్నాయి. సూచీ ఎవరి దగ్గర నుంచీ ఏమీ తెచ్చుకోదు. 'ఆరంభ నష్టాల నుంచి కోలుకుని' అన్నా బాగుంటుంది.

లెక్కలో మాత్రం ఒక మెలిక ఉంది. వందలో 20 శాతం పోతే 80 మిగులుతుంది. 80 మళ్లీ వంద కావాలంటే 20 శాతం చాలదు, 25 శాతం పెరగాలి. సగం పోతే రెట్టింపు కావాలి. సెన్సెక్స్ 2020 జనవరి 14న 41,952 దగ్గర ముగిసింది. కరోనా భయంతో మార్చి 23న ఒక్కరోజే 3,934 పాయింట్లు పడి 25,981కి దిగింది. అంటే జనవరి స్థాయి నుంచి దాదాపు 38 శాతం పతనం. గుంత పూడాలంటే 61 శాతానికి పైగా పెరగాలి. ఆ ఏడాది నవంబరు 9న 42,597 దగ్గర ముగిసినప్పుడు పూడింది. '38 శాతం పడి 38 శాతం పెరిగింది, నష్టం పూడింది' అని రాసే ఉపసంపాదకులు ఇప్పటికీ కనిపిస్తారు.

పేకాటలో పోయినదాన్ని రాబట్టుకుంటానంటారు. అది సరైన వాడుకేనా?

వాడుక సరైనదే. ఎదురుగా గెలిచినవాడు కూర్చునే ఉన్నాడు, పోయింది అతని దగ్గరే ఉంది. ఇతిహాసంలో ఇందుకు తగిన ఉదాహరణ నలుడు. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. ఋతుపర్ణుడి దగ్గర అక్షవిద్య నేర్చుకుని వచ్చి, అదే పుష్కరుడితో అదే జూదమాడి రాబట్టుకున్నాడు. 'పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి' అన్న సామెతకు అతికినట్టు సరిపోతాడు. ధర్మరాజు సంగతి వేరు. మొదటి జూదంలో పోయిన రాజ్యాన్ని ధృతరాష్ట్రుడు ఇచ్చేశాడు, అది కూడా ద్రౌపది వరాలు అడిగాక. ధర్మరాజు రాబట్టుకున్నది ఏమీ లేదు. రెండోసారి కూర్చుని మళ్లీ పోగొట్టుకున్నాడు.

పేకముక్కలు పట్టేవాళ్లందరూ తమను నలుడనుకుంటారు, అదే చిక్కు. ఆన్‌లైన్ రమ్మీలోనైతే పోయిన డబ్బు ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. డబ్బు పెట్టి ఆడే అలాంటి ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి.

పోలీసులు చోరీ సొత్తు 'రికవరీ' చేశారంటారు. తెలుగులో ఏమనాలి?

దొంగ దగ్గర నుంచి తీసుకుంటే 'స్వాధీనం చేసుకున్నారు'. అతన్ని ప్రశ్నించి, కుదువ పెట్టిన చోట్ల నుంచి ఒక్కొక్కటే తెప్పిస్తే 'రాబట్టారు'. సొంతదారుకు చేరితేనే 'అప్పగించారు'. రికవరీ అన్న ఒక్క మాట ఈ మూడింటినీ మింగేస్తుంది. నగ ఇంకా స్టేషన్లోనే ఉన్నా ఇంటికి చేరినట్టు అనిపిస్తుంది.

ఆరోగ్యం, ధైర్యం, నిద్ర, కాలం?

వీటిలో ఏదీ రాబట్టుకునేది కాదు. జబ్బు నుంచి కోలుకుంటాం. దెబ్బ నుంచి, దిగ్భ్రమ నుంచి తేరుకుంటాం. బురద అడుగుకు దిగి నీళ్లు తేటపడటాన్ని తేరడం అంటారు, మనసూ అలాగే. ధైర్యం కూడగట్టుకుంటాం. పోయిన నిద్రను మర్నాడు తీర్చుకుంటాం. పోయిన కాలానికి తెలుగులో క్రియ లేదు.

రూపాలు ఎలా రాయాలి?

రాబట్టాను, రాబట్టాలి, రాబట్టలేదు, రాబట్టగలిగారు. భవిష్యత్తులో 'రాబడతారు', 'రాబట్టుకుంటారు'. 'రాబెట్టు' తప్పు. నిలబెట్టు, కూర్చోబెట్టులలో ఉన్నది 'పెట్టు', ఇక్కడ ఉన్నది 'పట్టు'. 'బకాయిలు రాబట్టబడినవి' లాంటి వాక్యాలు దస్త్రాల్లో కనిపిస్తాయి. ఎవరు రాబట్టారో చెప్పడానికి భయమైతే 'వసూలయ్యాయి' అని రాయండి.

ఎంత తిరిగినా రాని బాకీని ఏమంటారు?

వాణిజ్యశాస్త్రం పుస్తకాల్లో 'రాని బాకీ'. బ్యాంకుల వార్తల్లో 'మొండి బకాయి'. మొండితనం మనిషిది, నింద బకాయికి. పాత లెక్కల్లో 'పారుబాకీ' అని ఉండేది, పరుగెత్తి పోయిన బాకీ.

మా నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. అప్పు నోట్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవారు. అందులో ఒక నోటు వెనక రెండు చెల్లులు ఉన్నాయి, ఒకటి 200, ఇంకొకటి 50, రెండోదాని కింద సంతకం బదులు వేలిముద్ర. ఆ తర్వాత ఏమీ లేదు. కాలదోషం పట్టి ఎన్నేళ్లయినా దాన్ని చించలేదు. రాబట్టుకోవడానికి వెళ్లనూ లేదు. అమ్మ ఎప్పుడైనా ఆ సంగతి ఎత్తితే, "పోలేదులే, వాడి దగ్గరే ఉంది" అనేవారు.